మూడో పాటలో ఏడుపు

మా అమ్మాయి ఫోన్‌లో ఆ ఆల్బమ్ తెరిచి నా ముందు పెట్టినప్పుడు మొదట నాకు ఒళ్లు మండింది. అట్ట మీద నలుగురు ముసలాళ్లు. ఒకడికి బట్టతల, ఒకడికి పొట్ట, ఇంకొకడు కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని మనదే తప్పన్నట్టు చూస్తున్నాడు. నలభై ఏళ్ల కిందట లోకాన్ని తగలబెట్టేస్తామని గొంతులు చించుకున్న ఇంగ్లాండు కుర్రాళ్లు వీళ్లేనట. పంక్ రాక్ అంటారట ఆ అరుపుల్ని. లోకం తగలబడలేదు. వీళ్లే ఉడిగిపోయి, పాతవాటిలో బాగా ఆడిన పాటలన్నీ ఏరి, దుమ్ము దులిపి, గ్రేటెస్ట్ హిట్స్ అని పేరు పెట్టి మళ్లీ బజారులోకి వదిలారు.

"ఇదే కదా నాన్నా, పెదనాన్న క్యాసెట్టు?" అంది మా అమ్మాయి.

ఇదే. లోపలి బొమ్మల్లో ఒకటి అచ్చంగా ఆ క్యాసెట్ అట్ట మీదిది. ఇటుక గోడ, దానికి ఆనుకుని నలుగురు బక్కపలచటి కుర్రాళ్లు, జుట్టు ముళ్లపందిలా లేపుకుని. ఆ మొహాలు నాకు మా అయ్య మొహం కంటే బాగా గుర్తు, ఎందుకంటే మా అయ్యకి ఒక్క ఫోటో కూడా లేదు. మా అమ్మాయి ఆ చిరిగిన అట్టని ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ ఈ ఆల్బమ్ దాకా వచ్చింది.

ఆ పాటలు కావలసింది నాకు కాదు. స్టీల్‌ప్లాంటులో కన్వేయర్ బెల్టుల పక్కన ఇన్నేళ్లు పనిచేశాక నా చెవులకి పాటైనా ఒకటే, పళ్లచక్రమైనా ఒకటే. కావలసింది మా అన్నకి.

మా అన్నకి ఊపిరితిత్తులు అయిపోయాయి. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. ఆ మాటకి అర్థం మా పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఫిషింగ్ హార్బర్ వెనక మా పాత ఇంట్లోనే ముందు గదిలో మంచం వేశాం, పక్కన ఆక్సిజన్ సిలిండర్ పెట్టాం. వదిన గంజి తాగించేది. నేను డ్యూటీ దిగగానే బస్సెక్కి వచ్చి కూర్చునేవాణ్ణి. ఒక రోజు మా అన్న నా మణికట్టు పట్టుకుని, మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటూ అడిగాడు.

"ఒరే, ఆ కేసెట్టు ఒక్కసారి ఇనాలనుందిరా. పోయేలోపల."

ఏ క్యాసెట్టని నేను అడగలేదు. మా ఇంట్లో క్యాసెట్టంటే ఒక్కటే. వదిన గంజి గ్లాసు పట్టుకుని అక్కడే ఉంది. గ్లాసు కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మాది చేపల వేటకెళ్లే ఇల్లు. మా అయ్యకి ఒక తెప్ప ఉండేది. మా అన్నకి మాత్రం తెప్ప చాలలేదు. పోర్టు చుట్టూ తిరిగి తిరిగి, ఒక ఏజెంటు కాళ్లావేళ్లా పడి, సరుకుల ఓడలో ఖలాసీగా చేరాడు. మొదటి ప్రయాణం నుంచి వచ్చినప్పుడు ఒక టేప్ రికార్డరు, ఇంగ్లాండులో ఏదో రేవు పక్క దుకాణంలో కొన్న ఈ క్యాసెట్టు తెచ్చాడు. అందులో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు, వాడితో సహా. అయినా పొద్దున లేచింది మొదలు అదే మోత. మూడో పాటంటే మరీ పిచ్చి. అందులో ఒక చోట వాయిద్యాలన్నీ ఆగిపోయి నలుగురూ కలిసి ఒక్కసారిగా కేక పెడతారు. వాడు కూడా మంచం మీద నిలబడి కేక పెట్టేవాడు.

మా అయ్య గుమ్మంలో వల బాగు చేసుకుంటూ వినేవాడు. "ఎవుడిరా ఈడు, కడుపునొప్పొచ్చినోడిలాగ అరుత్తన్నాడు? ముందు ఆడికి మందుబిల్ల ఎయ్యండ్రా" అనేవాడు. అంటూనే ఆ కేక దగ్గర ఆయన తల కూడా ఊగేది. అది చూసి అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

తరువాత మా అన్నకి భీమిలి మేనమామ కూతురితో పెళ్లయింది. పెళ్లయిన కొన్నాళ్లకే మళ్లీ ఓడ ఎక్కాల్సి వచ్చింది. వెళ్లేముందు రోజు వదిన గొంతు క్యాసెట్టులో పట్టి తీసుకుపోవాలని వాడికి బుద్ధి పుట్టింది. కొన్న పాటల క్యాసెట్టు మీద మామూలుగా రికార్డు అవదు, వీపున చిన్న కన్నం ఉంటుంది. ఆ కన్నంలో కాగితం ఉండ కుక్కి, ఎర్ర బొత్తం ఎలా నొక్కాలో వదినకి చూపించి, "ఏదో ఒకటి పాడే, నీ గొంతు పట్టుకెల్తాను" అని బతిమాలాడు. అత్తమామలు ముందు గదిలో ఉన్నారు. వదిన తల వంచుకుని కూర్చుంది తప్ప నోరు విప్పలేదు. వాడు కోపం తెచ్చుకుని క్యాసెట్టుని అలాగే ఇంట్లో వదిలేసి పోయాడు.

వాడు నడి సముద్రంలో ఉండగా ఇక్కడ మా అయ్య తెప్ప ఒడ్డు దగ్గరి కెరటాల్లో తిరగబడింది. మర్నాడు భీమిలి వైపు ఇసుక మీదికి శవం కొట్టుకొచ్చింది. పెద్దకొడుకు పెట్టాల్సిన కొరివి నేను పెట్టాను.

మా అన్నకి కబురు పంపలేదు. ఏజెంటు దగ్గరికి వెళ్తే ఓడకి చేరవేసేవాడే, అమ్మే వద్దంది. నీళ్ల మీద ఉన్న మనిషికి చావు కబురు పంపకూడదని మా పేటలో పట్టింపు. విన్నవాడి కాలు తడబడుతుందని, సముద్రం ఆ అదను కోసమే కాచుకుని ఉంటుందని. వాడు ఒడ్డెక్కి, ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు కడుపులోకి పోయాక చెప్పాలి. చెప్పాక మరి తిండి దిగదు కదా. ఈ పట్టింపు పెట్టినవాళ్లని తిట్టుకున్న రోజులున్నాయి నాకు. కానీ పెట్టినవాళ్లు కూడా ఓడలకి, తెప్పలకి కొడుకుల్ని పంపినవాళ్లే.

మాలో ఇంకో పద్ధతి ఉంది. మొగుడు పోతే పెళ్లాం శోకం పెడుతుంది. ఉత్త ఏడుపు కాదది. రాగం తీసి, పోయినవాడి బతుకంతా వాడికే చెప్పి ఏడవడం. ఏం తిన్నాడు, ఎప్పుడు నవ్వాడు, దేనికి కొట్టాడు, దేనికి ఊరుకున్నాడు, అన్నీ. ముందు ఆమె ఎత్తుకోవాలి, ఆ తరువాతే మిగతా ఆడవాళ్లు అందుకోవాలి. కొడుకులు దగ్గరుండి వినాలి. అది విన్నాకే తండ్రి పోయినట్టు. పెద్దదినం నాడు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నాక అమ్మ నోరు తెరవబోయి ఆగిపోయింది.

"పెద్దోడు ఇనాల గదా" అంది.

అప్పుడు వదిన లేచి వెళ్లి టేప్ రికార్డరు తెచ్చి అమ్మ ముందు పెట్టి, మా అన్న చూపించిన ఎర్ర బొత్తం నొక్కింది. లోపల ఉన్నది ఆ ఇంగ్లాండు వాళ్ల క్యాసెట్టే. మూడో పాట మధ్యలో ఆగి ఉంది. పాటలు పాటల్లాగే ఉంటాయి, ఈ ఏడుపు వాటి వెనకాల వెళ్లి చేరుతుంది అనుకుంది వదిన. అలా అనుకోవడానికి అడ్డు చెప్పేంత తెలివి అక్కడ ఎవరికీ లేదు. అమ్మ ఏడుస్తుంటే చక్రాలు తిరిగాయి. శోకం చివరికొచ్చేసరికి కరెంటు పోయింది.

మా అన్న వచ్చే రోజుకి అన్నీ సిద్ధం చేశాం. బొట్టు లేని మొహంతో అమ్మ ఎదురుపడితే తెలిసిపోతుందని ఆమెని భీమిలి పంపేశాం. అయ్య వేటకెళ్లాడని చెప్పాలి. నా గుండు మీద జుట్టు అప్పటికే మొలిచింది. వాడు బొంబాయి నుంచి రైల్లో వచ్చి, స్నానం చేసి, కొత్త లుంగీ కట్టుకుని కూర్చున్నాడు. వదిన అన్నం, వంజరం పులుసు వడ్డించింది. మేనమామ ఒక మూల కూర్చుని ఉన్నాడు, నాలుగు ముద్దలు దిగితే ఆయన చెప్తాడు. వాడు మొదటి ముద్ద కలుపుతూనే ఎడం చెయ్యి చాచి టేప్ రికార్డరు దగ్గరికి లాక్కున్నాడు. వెనక్కి తిప్పి, మూడో పాట మొదలు సరిగ్గా పట్టుకున్నాడు. ఆ వేలికి అది అలవాటే.

వదిన గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆపితే ఎందుకు ఆపావంటాడు. ఆపకపోతే ఏమవుతుందో అప్పటికి మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు, ఎందుకంటే ఆ శోకాన్ని మళ్లీ వేసి వినే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పాట సాగింది. మా అన్న నా వైపు చూసి నవ్వాడు. కేక వచ్చే చోటు దగ్గరపడుతోందని ముద్ద చేతిలో పట్టుకునే నోరు తెరిచాడు. కేక రాలేదు. టక్కుమని చప్పుడై, మా అమ్మ గొంతు వచ్చింది.

"ఓ మావో... సద్ది మూట ఇప్పకుండానే ఎల్లిపోనావా మావో... నీ తలగుడ్డ దండెం మీదే ఉండిపోనాది గదా, ఎవులికి సుట్టమంతావు మావో..."

వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆపలేదు. శోకం అంతా అయ్యేదాకా కంచం ముందు అలాగే కూర్చున్నాడు. కరెంటు పోయిన చోట అమ్మ గొంతు తెగి, ఆ ఇంగ్లాండు కుర్రాళ్లు వేరే పాట మధ్యలోంచి అరవడం మొదలుపెట్టారు. అప్పుడు ఆపాడు. "ఎప్పుడు?" అన్నాడు. మేనమామ చెప్పాడు. వాడు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మరి ఓడ ఎక్కలేదు. హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగు చేసే పనికి కుదిరి, డీజిలు పొగలోనే బతుకు వెళ్లదీశాడు. ఆ క్యాసెట్టుని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాడు. మళ్లీ వెయ్యలేదు, ఎవర్నీ వెయ్యనివ్వలేదు. అమ్మని గాని, వదినని గాని ఒక్క మాట అన్నది లేదు. ఒకసారి మాత్రం తాగి ఉన్నప్పుడు నాతో అన్నాడు. "మీరందరూ అయ్యని సూసినారు. నా వంతుకి ఏడుపొక్కటే ఒచ్చినాది. అదైనా సరిగ్గా ఇననేదురా, సెవులు మూసుకుపోనాయి."

అమ్మ కూడా పోయిన ఇన్నేళ్లకి వాడు అడిగితే ట్రంకు పెట్టె తెరిచాను. మా ఇంట్లో తాళాల్ని, మేకుల్ని, చివరికి గోడలో ఇనప ఊచల్ని కూడా ఉప్పుగాలి తినేసింది. క్యాసెట్టుని మాత్రం ఎందుకు వదులుతుంది? టేపు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి తెల్లగా బూజు పట్టింది. ఆటోనగర్‌లో పాత రేడియోలు బాగు చేసేవాడొకడు ఉంటే తీసుకెళ్లాను. వాడు జాగ్రత్తగానే విప్పాడు, పాపం. టేపు మీది మట్టిరంగు పొర వాడి వేళ్లకి పొడిలా అంటుకుంది. మా అమ్మ గొంతు అదే. వాడు ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "ఏటీ నేదు బావా ఇందులో" అన్నాడు. వాడిని కొట్టాలనిపించింది.

ఆ తరువాతే మా అమ్మాయి ఈ ఆల్బమ్ వెతికి పట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ గొంతు పోతే పోయింది, పాటైనా వినిపిస్తే వాడి మనసు ఆ రోజుకి వెళ్తుంది కదా, కాస్త కుదుటపడతాడు కదా అనుకున్నాను.

మా అమ్మాయి చిన్న స్పీకరు తెచ్చి మంచం పక్కన పెట్టింది. క్యాసెట్టులో మూడోది ఇందులో ఎక్కడో చివర్లో ఉంది. పాట మొదలు కాగానే మా అన్న కళ్లు తెరిచాడు. దుప్పటి మీద వేళ్లు కదిలాయి. కేక దగ్గరపడింది. వాడు ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. కేక వచ్చింది. నలుగురూ కలిసి, స్పీకరు అదిరేలా పెట్టారు. ఆ తరువాత పాట అలాగే సాగిపోయింది. అక్కడి నుంచి ఆ పాటలో ఏముందో నేను ఎప్పుడో మరిచిపోయాను. ఏదో గిటారు, ఇంకో చరణం, మళ్లీ కేక. చివరికంటా వచ్చి శుభ్రంగా ఆగింది. మా అన్న స్పీకరు వైపే చూస్తున్నాడు.

"అమ్మ ఏదిరా?" అన్నాడు.

"ఇది కొత్తదన్నా. ఇందులో అమ్మ ఉండదు."

"మరి నాకెందుకురా ఇది" అని గోడ వైపు తిరిగిపోయాడు. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి వదిన కోసం వెతికాడు. "నీకొచ్చు గదే. అమ్మ పక్కనే కూకున్నావు. నువ్వెట్టు."

వదిన మొహం నల్లబడింది. "బతికున్న మనిసి ముంగట శోకమేటి? నా నోటితోటా? నానెట్టను."

"నాకు కాదే. అమ్మది, అయ్యకి."

"ఎవులిదయితేనేటి. నోరు నాదే గదా."

ఆమె అన్నది తప్పు కాదు. పసుపుకుంకాలతో ఉన్న ఆడది ఇంట్లో శోకం ఎత్తిందంటే చావుని చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి తెచ్చినట్టే మా వాళ్లకి. పేటంతా విని పరుగెత్తుకొస్తారు. వచ్చి చూస్తే మనిషి బతికే ఉంటాడు. ఆ తరువాత వాడు పోతే, అది వదిన నెత్తినే పడుతుంది. వాడు మరి అడగలేదు. గంజి నోటి దగ్గర పెడితే తాగాడు, మందు వేస్తే మింగాడు. కానీ వదిన గదిలోకి వచ్చినప్పుడల్లా ఆమె నోటి వైపే చూసేవాడు. నేనే చూడలేక బయటికి వచ్చేసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి వదిన తలకి పోసుకుని, కిటికీ తలుపులన్నీ మూసేసి ఉంది. నా చేతికి స్పీకరు ఇచ్చింది.

"బాబూ, నువ్వు అరుగు మీద కూకో. ఆ ఇంగిలీసోల్ల పాట గట్టిగా ఎట్టు. ఆపకు. పేటోలికి ఇనపడకూడదు" అంది. నేను ఏదో అనబోతే, "అప్పుడు పాడమంటే పాడనేదు నాను" అని తలుపు వేసేసుకుంది.

నేను అరుగు మీద కూర్చుని, ఆ మూడో పాటే పెట్టాను. అయిపోతే మళ్లీ అదే వచ్చేలా మా అమ్మాయి చేసి పెట్టింది. ఎదురింటి ముసలాయన చెవులు మూసుకుని నన్ను తిట్టుకుంటూ లోపలికి పోయాడు. ఇంట్లో చావుబతుకుల్లో మనిషి ఉంటే వీడికి ఇంగ్లీషు పాటలు కావలసి వచ్చాయా అన్నట్టు దారిన పోయేవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను. కేక వచ్చింది. సరిగ్గా అక్కడే తలుపు వెనక వదిన గొంతు ఎత్తుకుంది.

"ఓ మావో... సద్ది మూట ఇప్పకుండానే ఎల్లిపోనావా మావో..."

మా అమ్మ మాటలే. మా అమ్మ రాగమే, విరిచే చోట విరుస్తూ, ఊపిరి తీసుకునే చోట తీసుకుంటూ. ఆ రోజు పక్కన కూర్చుని విన్నది ఇన్నేళ్లూ కడుపులో దాచుకుంది. తలగుడ్డ మాట వచ్చింది. చట్టిలో మిగిలిపోయిన చేపల మాట వచ్చింది. నేను తలుపుకి వీపు ఆనించి, మోకాళ్ల మధ్య స్పీకరు పెట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాను. నాకు మా అయ్య పోయింది ఆ రోజే అనిపించింది.

తరువాత ఒక మాట వినపడింది. "ఓడ దిగొచ్చి మల్లీ ఎక్కనేదు గదా మావో..."

ఇది మా అమ్మది కాదు. మా అయ్య ఓడ ఎక్కలేదు. "ముద్ద నోటికాడికొచ్చి ఆగిపోనాది గదా, నానొడ్డించిన కూడు నేలపాలైపోనాది గదా మావో... నువ్వు నన్నొక్క మాటన్నా తీరిపోను గదా మావో..." వదిన దాటేసింది. అత్త శోకంలోంచి తన శోకంలోకి ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు. ఆపమని తలుపు కొట్టాలనిపించి లేచాను. లోపల మా అన్న గొంతు సన్నగా, "సెప్పు, సెప్పు" అంటోంది. మళ్లీ కూర్చుని పాట ఇంకా గట్టిగా పెట్టాను. ఆ ముసలాళ్లు ఆ మధ్యాహ్నమంతా మా కోసం గొంతులు చించుకున్నారు.

కొన్నాళ్లకే మా అన్న పోయాడు. పొద్దున వదిన గంజి తెచ్చేసరికి లేడు. పేట ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. వదిన శవం తల దగ్గర కూర్చుంది. అందరూ ఆమె నోటి వైపు చూస్తున్నారు. ఆమె ఎత్తుకోనిదే ఇంకెవరూ అందుకోకూడదు. పాడె సిద్ధమైంది. అయినా ఆమె నోరు విప్పలేదు.

"ఏటే, అలా సూత్తన్నావేటి? ఎత్తుకోవేటి?" అని ఒక పెద్దావిడ గసిరింది.

వదిన మా అన్న మొహం మీద వాలిన ఈగని తోలింది.

"ఆయనకి సెప్పీసినాను. ఇన్నాడు" అంది. "ఇంకెవులికి సెప్పమంతారు?"

గుండె లేని మనిషని ఆడవాళ్లు గొణుక్కున్నారు. మగవాళ్లం వంగి పాడె భుజాలకెత్తుకున్నాం. శోకం లేకుండానే మా అన్నని తీసుకుని బయల్దేరాం.